‘సార్ పోయారండి’

1993 జూన్‌లో నేను కోఠీలో ఫ్రంట్ ఆఫీస్ మేనేజరుగా చేరాను. భిలాయిలో కోహ్కా దాటి, వరిపొలాల మధ్య మట్టిరోడ్డు మీద కొంతదూరం వెళ్తే వస్తుందది. ఒకప్పుడు ఒక మాల్గుజారు, అంటే మన వైపు జమీందారులాంటి ఆయన, కట్టించుకున్న బంగళా. తర్వాత బియ్యం మిల్లుల యజమాని ఒకాయన కొని, పాత టేకు దూలాలూ నల్లరాతి మెట్లూ అలాగే ఉంచి, లోపల మాత్రం ఏసీలూ బాత్‌టబ్బులూ పెట్టించి హోటలు చేశాడు. బోర్డు మీద ఇంగ్లీషులో ఏదో పొడుగాటి పేరుండేది. ఆటోవాళ్ళ దగ్గర్నుంచి మా యజమాని దాకా దాన్ని కోఠీ అనే అనేవారు, నేనూ అలాగే అంటాను.

ఉక్కు పట్నంలో ఊరవతల అంత ఖరీదైన హోటలుకి ఎవరొస్తారని మా ఆయన వేళాకోళం చేసేవాడు. విడివిడిగా వచ్చేవాళ్ళు నిజంగానే తక్కువ. కోఠీ నడిచింది గ్రూపుల మీద. కంపెనీల మీటింగులు, యంత్రాలు అమ్మడానికి వచ్చిన విదేశీ బృందాలు, పెళ్ళివారు, పాత మిత్రుల కలయికలు. ఒక గ్రూపు వస్తే బంగళా మొత్తం వాళ్ళదే. విడి అతిథికీ గ్రూపుకీ మా పనిలో చాలా తేడా ఉంటుంది. విడి అతిథి వచ్చాక గది ఇస్తాం. గ్రూపుకైతే ఎవరు ఏ గదో ముందే తేల్చి, తాళాలు కవర్లలో పెట్టి పేర్లు రాసి, బస్సు గేటులోకి వచ్చేసరికి వరసగా పేర్చి ఉంచాలి. పెద్దవాళ్ళకి కింది అంతస్తు, గురక పెట్టేవాళ్ళకి చివరి గదులు. గ్రూపుకి ఒక లీడరుంటాడు, ఏ మాటైనా ఆయనతోనే. ఆయన సుఖంగా ఉంటే గ్రూపంతా సుఖంగా ఉన్నట్టే అని మా ట్రైనింగులో చెప్పేవారు.

టెలిఫోను కూడా ఫ్రంట్ ఆఫీసుదే. పెద్ద హోటళ్ళలో దానికి వేరే ఆపరేటరు ఉంటుంది, మా దగ్గర రిసెప్షన్‌లో ఉన్న అమ్మాయే ఆపరేటరు. బయటి నుంచి అతిథికి ఫోనొస్తే ముందు గదికి కలపాలి. ఎత్తకపోతే తోటలో, భోజనాల హాల్లో వెతికించాలి. మనిషి బయటికి వెళ్ళి ఉంటే, లేరని మర్యాదగా చెప్పి, అవతలివారి పేరూ కబురూ రాసుకోవాలి. ఆ చెప్పవలసిన వాక్యాలు ఒక అట్ట మీద అచ్చువేయించి ఫోను పక్కన నిలబెట్టాం. ఒకవైపు ఇంగ్లీషు, రెండోవైపు హిందీ. తెలుగు లేదు. తెలుగులో ఫోన్లు చాలానే వచ్చేవి, ఎందుకంటే ఉక్కు ప్లాంటులో మనవాళ్ళు చాలామంది. అయినా తెలుగుకి అట్టెందుకు, అమ్మ నేర్పిన భాషేగా అని ఎవరికీ తోచలేదు. పెద్ద హోటళ్ళ అట్ట చూసి దింపించింది అది, అందరం దాన్ని ఉన్నదున్నట్టు వాడేసుకున్నాం.

సునీత ఆ ఏడే చేరింది. భిలాయిలోనే ఖుర్సీపార్ బస్తీ పిల్ల. వాళ్ళ నాన్న పలాస దగ్గర పల్లెటూరి నుంచి ప్లాంటులో కోక్ ఓవెన్స్‌లో పనికొచ్చాడు, మా నాన్నలాగే. మనిషిని చూడగానే నవ్వేది. ఒకసారి వచ్చిన అతిథి ముఖం రెండోసారి మర్చిపోయేది కాదు, చక్కెర వేసుకోని వాళ్ళెవరో, మెట్లెక్కలేని వాళ్ళెవరో గుర్తుపెట్టుకునేది. ఈ గుణం ట్రైనింగిచ్చి తెప్పించలేం. నేను చూసినవాళ్ళలో ఈ పనికి అంత సరిపోయిన పిల్ల మరొకరు లేరు. ఆమె హిందీ వింటే భోపాల్ అమ్మాయి అనుకుంటారు. తెలుగు మాత్రం ఇంట్లో మాటలే. మా భిలాయి పిల్లలందరి తెలుగూ అంతే: వంటింటి మందం వస్తుంది, వీధిలోకి రాగానే హిందీ అయిపోతుంది. నన్ను దీదీ అనేది.

ఆ మరుసటి ఏడు నవంబరులో వచ్చిన గ్రూపు, ప్లాంటు కొత్తలో ఒకే ఏడాది ట్రైనీలుగా చేరి, అక్కడే ఆఫీసర్లై రిటైరైన మిత్రులది. చాలామంది తెలుగువాళ్ళే. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి, విశాఖ నుంచి భార్యలతో వచ్చారు. మూడు రాత్రుల బస. లీడరు సూర్యనారాయణగారు. బ్లాస్ట్ ఫర్నేసులో పనిచేసి, అప్పటికి నాగపూర్‌లో కూతురి దగ్గర ఉంటున్నారు. భార్యకు మోకాళ్ళ నొప్పులని ఒక్కరే వచ్చారు.

కవరు చేతికివ్వగానే ఆయన నన్ను పక్కకి పిలిచి తన గదిలో ఇంకొక మంచం వేయించమన్నారు. ఎక్స్‌ట్రా బెడ్ అంటే మా దగ్గర చక్రాల మంచం, మూడోమనిషి వస్తే వేస్తాం. ఎవరికండీ అన్నాను.

“మా అన్నియ్యకమ్మా. పార్వతీపురం దగ్గర ఉంటాడు. రమ్మని రాశాను, మీ నంబరిచ్చాను. రాడేమో. వస్తాడేమో. ఫోను మాత్రం చేస్తాడు. నేనెక్కడున్నా పిలవండి, స్నానాల గదిలో ఉన్నా తలుపు కొట్టండి.”

ఆయన దాపరికం లేని మనిషి. కౌంటరు దగ్గరే నిలబడి మిగతాదీ చెప్పేశారు, నాకూ సునీతకీ కలిపి. చాలా ఏళ్ళ కిందట వాళ్ళ నాన్నగారు చనిపోయినప్పుడు తంతి వచ్చింది. ఆ వేళ కొత్త ఫర్నేసు వెలిగిస్తున్నారు, ఈయన దాని దగ్గర డ్యూటీలో ఉన్నారు. తంతి జేబులో పెట్టుకుని షిఫ్టు పూర్తిచేసి బయల్దేరారు. ఊరు చేరేసరికి చితి ఆరిపోయి ఉంది. వాళ్ళన్నగారు రామ్మూర్తి మాస్టారు గుమ్మంలో నిలబడి, నాన్న చావుకి రానివాడివి, ఇంక నేను నీ గడప తొక్కితే నీ చావుకే తొక్కుతాను అన్నారట. అన్నట్టే భిలాయిలో ఒక్కసారీ అడుగుపెట్టలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే కూడా పెదవి విప్పలేదు.

“నేనెక్కడ పనిచేశానో ఒక్కసారి చూపించాలమ్మా అతనికి. ఆ ఫర్నేసు చూస్తే అర్థం చేసుకుంటాడు,” అన్నారు సూర్యనారాయణగారు. ఈ వయసులో ఆ ఒక్క కోరికే మిగిలిందన్నారు. సునీత కళ్ళు చెమర్చాయి. సాయంత్రం తనే దగ్గరుండి మంచం వేయించి, తెల్ల దుప్పటి పరిపించి, దిండు పక్కన మంచినీళ్ళ సీసా కూడా పెట్టించింది.

అదే సాయంత్రం ఇంకో చిన్న ముచ్చట జరిగింది. విజయవాడావిడ ఒకరు, ఒక ఇంజినీరుగారి భార్య, వేణ్ణీళ్ళు రావడం లేదని చెప్పడానికి కౌంటరుకి వచ్చారు. సునీత తన ఇంటి తెలుగులో, “ఏటి గావాల ఆంటీ? నువ్వు గదికెల్లు, నేను మనిషిని పంపిస్తాను,” అంది. మా ఉత్తరాంధ్ర ఇళ్ళలో తల్లినీ నాయనమ్మనీ నువ్వే అంటాం, అందులో అమర్యాద లేదు. ఆవిడ పగలబడి నవ్వారు.

“ఏటి ఏంటమ్మాయ్, మేమేమన్నా ఏటికి అడ్డంపడి ఈదుకుంటూ వచ్చామా? నువ్వు కాదు, మీరు అనాలి. వచ్చారు, వెళ్ళారు, తిన్నారు. చివర్న రు పెట్టి, అండీ తగిలించు. ఇంత పెద్ద హోటల్లో ఉన్నావ్, బంగారుతల్లివి, ఆ మాత్రం నేర్చుకోవద్దూ?”

ప్రేమగానే అన్నారు, బుగ్గ కూడా గిల్లారు. సునీత సిగ్గుపడి సరేనంది. ఆ రాత్రి డ్యూటీ దిగేముందు అద్దం ముందు నిలబడి తిన్నారండి, పడుకున్నారండి, లేచారండి అని తనలో తను అనుకుంటుంటే విని నేను నవ్వుకున్నాను.

మర్నాడు పొద్దున్న గ్రూపంతా టిఫిన్ చేసి ప్లాంటు చూడ్డానికి బస్సెక్కింది. సూర్యనారాయణగారికి వెళ్ళాలనీ లేదు, మానాలనీ లేదు. మిత్రులు రెక్క పట్టుకుని లాక్కెళ్ళారు. బస్సు గేటు దాటిన కాసేపటికి ఫోను మోగింది. నేను అప్పుడు వెనకవైపు వంటింట్లో షెఫ్‌తో మధ్యాహ్నం భోజనం సంగతి మాట్లాడుతున్నాను. సునీత పరిగెత్తుకుంటూ వచ్చింది.

“దీదీ! ఉన్‌కే బడే భాయ్ ఆ రహే హైఁ! ఆజ్ హీ నికల్ రహే హైఁ!” అంది. ఆయన అన్నగారు వస్తున్నారట, ఈరోజే బయల్దేరుతున్నారట. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, సార్ లేరు, బస్సులో బయటికి వెళ్ళారు, సాయంత్రం వచ్చేస్తారని చెప్పాననీ, తానొచ్చేదాకా ఆయన్ని ఇక్కడే ఉంచమన్నారనీ, మంచం సిద్ధంగా ఉందన్నాననీ హిందీలోనే చెప్పింది. హిందీలో వింటే అందులో ఒక్క తప్పు లేదు. అట్ట మీద రాసినట్టే మాట్లాడింది. నేను శభాష్ అన్నాను.

వాళ్ళిద్దరి మధ్యా ఆ సంభాషణ తెలుగులో ఎలా నడిచిందో నాకు మర్నాడు తెలిసింది. చదివేవారిని ఊరించడం నాకిష్టం లేదు గనక ఇక్కడే రాసేస్తున్నాను.

“మా సూర్యం ఉన్నాడా అమ్మా? నేను వాళ్ళన్నని, పార్వతీపురం నుంచి.”

“సార్ పోయారండి.”

“ఎప్పుడు?”

“ఇందాకే అండి. టిఫిన్ చేసేక, బస్సులో.”

“ఇప్పుడెక్కడున్నాడు?”

“ప్లాంటు దగ్గరండి. సాయంత్రానికి ఇక్కడికే తీసుకొచ్చెస్తారు.”

“నేను బయల్దేరతన్నాను. నేనొచ్చీదాకా ఉంచండమ్మా.”

“తప్పకుండా అండి. మంచం కూడా ఏసి ఉంచాం.”

ఖుర్సీపార్‌లో వాళ్ళింట్లో ‘నాన్న డ్యూటీకి పోనాడు’ అంటారు. పోనాడు అంటే వెళ్ళాడు, అంతే. మా ఇంట్లోనూ అంతే. ఆ పిల్ల దానికి నిన్న నేర్చుకున్న రు చేర్చి, అండీ తగిలించింది. పోనాడు పోయారండి అయింది. మర్యాద కలిసేసరికి మనిషి చనిపోయాడు. తెలుగుదేశంలో పుట్టిన చంటిపిల్లకి కూడా తెలిసే తేడా అది. భిలాయిలో పుట్టిన పిల్లకి ఎవరు చెప్పారు గనక? వాళ్ళింట్లో చావుకబురు వచ్చిందంటే అది ఊరినుంచి, పెద్దవాళ్ళ ఏడుపుల్లోనే వచ్చి ఉంటుంది.

సాయంత్రం బస్సు దిగిన సూర్యనారాయణగారికి సునీత ఎదురెళ్ళి చెప్పింది. “వస్తన్నాడా? వాడే అన్నాడా? వస్తన్నానని వాడి నోటితో అన్నాడా?” అని ఆయన మెట్ల మీదే నిలబడి మళ్ళీమళ్ళీ అడిగారు. తమ్ముడు అన్నని వాడు అనడం అప్పుడే విన్నాను. సునీత అడిగినన్ని సార్లూ చెప్పింది. గ్రూపంతా చుట్టూ చేరి భుజాలు తట్టారు. విజయవాడావిడ మర్నాటి భోజనం లోపల కాదు, తోటలో షామియానా కింద పెట్టించమన్నారు. పూలవాడి చేత బంతిపూలు తెప్పించి, ఆడవాళ్ళందరూ కూర్చుని ఇంత లావు దండ కట్టారు. ఆ మధ్యాహ్నం ప్లాంటులో ఫర్నేసు దగ్గరికి మర్నాడు ఇంకొకరిని తీసుకొస్తానని కూడా ఆయన చెప్పి వచ్చారట, ముందే, ఆశతో.

మర్నాడు ఆ వైపు నుంచి వచ్చే బండి కోసం దుర్గ్ స్టేషనుకి కారు పంపించాను. సూర్యనారాయణగారు తనూ వెళ్తానన్నారు గానీ, ఇంటి యజమానిలా గుమ్మంలో నిలబడి ఆహ్వానించు, అదీ పద్ధతి, అని మిత్రులు ఆపారు. కారు అక్కడ ఎదురుచూస్తూనే ఉంది. మాస్టారు రైల్లో ఎవరో చెబితే దుర్గ్ కంటే ముందొచ్చే పవర్ హౌస్ స్టేషన్లో దిగిపోయి, ఆటో మాట్లాడుకుని వచ్చేశారు.

ఆటో గేటులోకి వస్తుండగానే శోకం వినిపించింది. “చిన్నాన్నా! ఓ నాయినా చిన్నాన్నా!” అని ఒక ఆడగొంతు. చావింటికి వచ్చే ఆడవాళ్ళు వాకిలి దగ్గర్నుంచే అలా ఏడుపందుకుంటారు, అది మా వైపు పద్ధతి. ఏం జరిగిందో తెలియకపోయినా, ఏదో ఘోరం జరిగిందని మాత్రం ఆ శోకంతోనే అర్థమైంది.

ముందు మాస్టారు దిగారు. పొడుగాటి మనిషి, మాసిన గడ్డం. చంకలో కొత్త తెల్ల పంచె, మడత విప్పనిది. శవం మీద కప్పడానికి దగ్గరివాళ్ళు తెచ్చే బట్ట అది. వెనక ఆయన కూతురు గౌరి, జుట్టు విరబోసుకుని. ఆయన షామియానా చూశారు, బంతిపూలు చూశారు, తోటలో లేచి నిలబడ్డ జనాన్ని చూశారు. కళ్ళు తుడుచుకుంటూ నడిచారు. అంతలో పోర్టికో మెట్ల మీద, దండ రెండు చేతుల్లో పట్టుకుని, నవ్వుతూ, సూర్యనారాయణగారు ప్రత్యక్షమయ్యారు.

“ఒచ్చేవా అన్నియ్యా!” అన్నారు.

గౌరి కెవ్వుమంది. తర్వాత ఒక్క ఉరుకున వెళ్ళి బాబాయిని కావిలించుకుని, నవ్వుతూ ఏడుస్తూ ఆయన ముఖమంతా తడిమింది. మాస్టారు మాత్రం ఉన్నచోటే ఉండిపోయారు. ఆయన ముఖం చూసినవాళ్ళలో నేనే దగ్గర. మొదట అందులోకి వచ్చింది సంతోషమే, నేను ప్రమాణం చేసి చెప్పగలను. చెయ్యి ముందుకి సాగింది. ఆ తర్వాత కళ్ళు మళ్ళీ షామియానా మీదికీ, దండ మీదికీ, మా అందరి మీదికీ తిరిగాయి. చెయ్యి వెనక్కి వెళ్ళిపోయింది.

“నీ సావుకే ఒస్తానన్నానని, సచ్చిపోనానని కబురెట్టించీసేవా?” అన్నారు. గట్టిగా కాదు, తరగతిలో తప్పుచేసిన పిల్లాణ్ణి అడిగినట్టు. “మందిని కూడా పోగుచేసేవు, సూడ్డానికి.”

సూర్యనారాయణగారికి ఏమీ అర్థం కాలేదు. ఎవరు చెప్పారు, ఏం చెప్పారు అంటూ నా వైపు చూశారు. గౌరి, “ఫోన్లో సెప్పేరు కదా చిన్నాన్నా, పోయారని!” అంది. కౌంటరు వెనక నుంచి సునీత వచ్చింది. “మైనే తో బస్ యహీ కహా కీ బాహర్ గయే హైఁ,” బయటికి వెళ్ళారనే అన్నానండీ, అంది. ఆ కంగారులో తెలుగు ఒక్క ముక్క రాలేదు ఆ పిల్లకి.

నేను ముందుకెళ్ళి అంతా వివరించాను. ఈ అమ్మాయి ఇక్కడే పుట్టింది, వీళ్ళింట్లో పోనాడు అంటే వెళ్ళాడనే, మర్యాద కోసం రు చేర్చింది, మీకు అలా వినిపించింది, ఇందులో తమ్ముడిగారికి ఏ సంబంధమూ లేదు అని. మాస్టారు అంతా విన్నారు. తర్వాత సునీతని అడిగారు.

“మీదేవూరమ్మా?”

“ఖుర్సీపార్ అండి.”

“మీ నాన్నది?”

“పలాస దగ్గరండి.”

ఆయన నా వైపు తిరిగారు. “ఉద్యోగమంతా పిల్లలకి తెలుగు సెప్పేనమ్మా నేను. పలాస పిల్లకి, పోయారు అంటే ఏటో తెలీదంటే నన్ను నమ్మమంటారా? మా ఊళ్ళో బడికి రాని పిల్లకి తెలుసు.”

అక్కడ నిలబడ్డ భిలాయి వాళ్ళందరికీ అది నిజమని తెలుసు. మా ఇళ్ళలో పిల్లలున్నారు, వాళ్ళ తెలుగు మేం వింటున్నాం. ఆయనకి మాత్రం అది కట్టుకథ. పార్వతీపురంలో కూర్చున్నవాళ్ళకి, తెలుగు తల్లిదండ్రులకి పుట్టిన పిల్లకి ఆ మాట రాదనడం, నడవడం రాదనడంలాంటిది. ఒక్క మాటకి నేనెన్ని సంజాయిషీలిచ్చినా ఆ గోడ దాటలేకపోయాను.

“నాన్న పోతే నువ్వు రానేదు,” అన్నారు తమ్ముడితో. “నువ్వు పోనావంటే నేనొచ్చీసేను. ఏ బండి దొరికితే ఆ బండి ఎక్కి, పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఒచ్చీసేను. సూసుకున్నావా? సాలా?”

ఆ ‘పోనావంటే’ ఆయన నోటే వచ్చింది. సొంత మాటలో పోవడం అంటే చావడమూ, వెళ్ళడమూ రెండూ అవుతుందని ఆయనకి తట్టలేదు. నాకు తట్టింది గానీ అది ఎత్తిచూపే సమయమా?

సూర్యనారాయణగారు దండ ఇంకా పట్టుకునే ఉన్నారు. “అన్నియ్యా, మంచం ఏయించేను,” అన్నారు. అంత చదివిన మనిషికి ఆ క్షణంలో ఆ ఒక్క మాటే దొరికింది.

“తెలుసు. ఆ పిల్ల నిన్ననే సెప్పింది,” అన్నారు మాస్టారు.

ఆటోవాడు తమాషా చూస్తూ ఇంకా కదల్లేదు. మాస్టారు వెళ్ళి అందులో కూర్చున్నారు. మిత్రులు బతిమాలారు, విజయవాడావిడ అడ్డంగా నిలబడి, అన్నయ్యగారూ మజ్జిగైనా తాగండి అన్నారు. గౌరి కాళ్ళు పట్టుకుంది. ఆయన ఆ కొత్త పంచె ఒళ్ళో పెట్టుకుని సూటిగా ముందుకే చూస్తూ కూర్చున్నారు. గౌరి ఇంక చేసేది లేక ఎక్కబోతూ నా చెయ్యి పట్టుకుంది.

“నిన్న ఫోన్ సేసింది ఎందుకో తెలుసాండి? వొస్తన్నాం అని సెప్పడానికే. టికెట్లు తీసి పెట్టుకున్నాం. ఏ స్టేషన్లో దిగాలో అడగమన్నాను నేనే. పిన్నికి సీర కూడా కొన్నాడు.”

ఆటో కదిలేముందు మాస్టారు మొదటిసారి తమ్ముడి కళ్ళలోకి చూశారు. “బతికున్నావు. అదే సాలు. ఎల్తాను,” అన్నారు.

మనవాళ్ళెవరూ ఎల్తాను అనరు. ఎంత కోపంలో ఉన్నా ఎల్లొస్తాను అనే అంటారు. జీవితమంతా తెలుగు చెప్పిన మాస్టారు ఆ సంగతి తెలియకుండా అనలేదు. సూర్యనారాయణగారు ఆ మాట విన్నారని ఆయన భుజాలు చూస్తే తెలిసింది.

గౌరి చెప్పింది నేను ఆయనకి చెప్పాను. చెప్పాలా వద్దా అని ఆలోచించాను గానీ, అది ఆయన సొత్తు, నా దగ్గర ఉంచుకోవడానికి లేదు. ఆయన తల ఊపారు. షామియానా కింద ఎవరూ సరిగ్గా తినలేదు. దండ పోర్టికోలో స్తంభానికి తగిలించి ఉంటే మా తోటమాలి సాయంత్రం తీసేశాడు. హౌస్‌కీపింగ్ వాళ్ళు ఎక్స్‌ట్రా బెడ్ తీసేయమంటారా అని అడిగితే ఆయన వద్దన్నారు. ఆ రాత్రి కూడా దాని మీద దుప్పటి మార్చి, అంచు మడిచి, మంచినీళ్ళు పెట్టాం. అతిథి అడిగినంతకాలం అది మా పని.

వెళ్ళే రోజు పొద్దున్న ఆయన కౌంటరు దగ్గరికొచ్చి సునీత తలమీద చెయ్యి పెట్టారు. “నీ తప్పేం లేదు తల్లీ. మా ఇద్దరి మధ్యా ముందే ఉంది, నీ మాట వంక దొరికింది,” అన్నారు. ఆ పిల్ల, “జీ సర్. సారీ సర్,” అంది.

ఆ తర్వాత కౌంటరులో సునీత తెలుగులో నోరు విప్పగా నేను వినలేదు. తెలుగువాళ్ళు తెలుగులో అడిగినా హిందీలో జవాబిచ్చేది. నేను మందలించాను, బుజ్జగించాను, నేర్పుతానన్నాను. తల అడ్డంగా ఊపేది. యజమాని ఆమెని తీసేయలేదు, నేను తియ్యనిచ్చేదాన్ని కూడా కాదు. తనే మరుసటి వేసవిలో పవర్ హౌస్ దగ్గర ఒక కొరియర్ ఆఫీసులో చేరిపోయింది, అక్కడ పార్సిళ్ళతో తప్ప మనుషులతో పని లేదని. ఒకసారి బజార్లో కనబడితే, “దీదీ, ఇంట్లో కూడా అమ్మ నవ్వుతాదని తెలుగు మాట్లాడటం మానేసేను,” అంది. అంత చక్కటి పిల్లని ఈ వృత్తి పోగొట్టుకుందని నాకు ఇప్పటికీ బాధే. రు పెట్టమన్నావిడదీ తప్పు కాదు, పెట్టిన పిల్లదీ కాదు. ఎవరిదీ తప్పు కానిదానికి ఎవర్ని తిట్టుకోవాలో తెలియక, నేను ఆ అట్టని తిట్టుకునేదాన్ని.

దానికి తెలుగు వాక్యం నేనే రాయించి అంటించాను. అందులో వెళ్ళారు లేదు, పోయారు లేదు. ‘సాయంత్రానికి వస్తారండి’ అని ఉంటుంది. మనిషి ఎక్కడికి వెళ్ళాడో చెప్పకండి, ఎప్పుడు వస్తాడో చెప్పండి అని తర్వాత వచ్చిన పిల్లలందరికీ నేర్పాను.

తొంభైల చివర్లో, అప్పటికి నేను జనరల్ మేనేజరుని, ఒక ఉదయం కౌంటరులో ఎవరూ లేకపోతే నేనే ఫోనెత్తాను. పార్వతీపురం నుంచి గౌరి. వాళ్ళ దగ్గర చిన్నాన్న నాగపూర్ నంబరు లేదు, ఏదో పాత డైరీలో మా నంబరొకటి దొరికిందట.

“నాన్న పోయారండి,” అంది.

“ఎక్కడికమ్మా?” అన్నాను. నాకు తెలుగు రాక కాదు. ఆ మాటని ఇంకొక అర్థం కోసం తడమకుండా ఉండలేకపోయాను.

గౌరికి కోపం రాలేదు. “ఇంక రారండి,” అంది.

పాత రిజిస్టరులో నంబరు వెతికి నేనే నాగపూర్‌కి ఫోను చేశాను. పోయారు అనలేదు. మీ అన్నయ్యగారు చనిపోయారండీ, ఈ ఉదయం, అని ఇంకే అర్థానికీ చోటులేని మాటతో చెప్పాను. సూర్యనారాయణగారి గొంతు, నెమ్మదిగా:

“వాళ్ళు ఏ మాటన్నారమ్మా? పోయారు అన్నారా?”

“అవునండీ.”

“పోయారనే కదా? మరి మీరు సరిగ్గా అడిగేరా?”

అడిగానండీ, రెండోసారి అడిగాను, అన్నాను. ఆయన ఫోను పెట్టేశారు. ఆ రోజే బండెక్కి, ఈసారి చితి వెలగకముందే చేరారని తర్వాత గౌరి చెప్పింది.

ఫ్రంట్ ఆఫీసులో నేను నేర్చుకున్నది ఇంతే. అతిథి బయట ఉంటే, తిరిగి వచ్చే వేళ చెప్పాలి. చావైతే చావు అనే చెప్పాలి. రెంటికీ సరిపోయే మాట ఎంత మర్యాదగా ఉన్నా కౌంటరు మీద వాడకూడదు.